పదకొండు పలకలు

ఆరో నెల ఆరో రోజున ఎండ కాసిందంటే షాంగ్‌పింగ్ ఊళ్ళో ముందు పుస్తకాలకు ఎండ తగలాలి, తర్వాతే మనుషుల నోట్లో జావ పడాలి. అది తాతల నాటి పద్ధతి. తియెన్‌మెయ్ ఈ లై వారింటికి కోడలిగా వచ్చి నలభై ఆరేళ్ళయింది. వాన కురిసిన ఏళ్ళనూ, పుస్తకాలు దాచుకోవాల్సి వచ్చిన ఏళ్ళనూ పక్కన పెడితే, ఆ పనిని ఒక్కసారి కూడా ఇంకొకరి చేతికి వదల్లేదామె. పుస్తకాలుండే కర్పూరపు చెక్కపెట్టె తాళంచెవి ఆమె నడుముకు కట్టుకున్న తాడుకే వేలాడుతుంది. అమ్మ నిద్రపోయినా తాళంచెవి మేలుకునే ఉంటుందని కొడుకు వేళాకోళం చేస్తాడు.

ఆ ఉదయం కూడా వాకిట్లో వెదురు చాప పరిచి, ఒక్కొక్క పుస్తకాన్నే దుమ్ము దులిపి పెట్టింది. అన్నిటికన్నా అడుగున, పాత నూలుగుడ్డలో చుట్టి ఉంటుంది అసలైనది. ఆ ఇంటి ఓనమాల పుస్తకం. నలభై ఎనిమిది ఆకులు. లై వారి తాతలు బేరిచెక్క పలకల మీద అక్షరాలు చెక్కి, సిరా పూసి, అచ్చు తీసి, గంపల్లో పెట్టి కొండలు దాటించిన పుస్తకం. చుట్టుపక్కల మూడు రాష్ట్రాల పిల్లలు దాన్ని చూసే అక్షరాలు దిద్దుకున్నారని ముసలివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఇప్పుడు అన్ని ఆకులూ ఉన్న ప్రతి అదొక్కటే మిగిలింది.

తియెన్‌మెయ్‌కి చదువు రాదు. అయితేనేం, ముప్పై ఏళ్ళు అచ్చు కాగితాలు మడిచి వరసపెట్టిన చెయ్యి అది. ఏ ఆకు తర్వాత ఏ ఆకు రావాలో ఆమెను అడగాల్సిందే. ఒక్కో ఆకు ముఖం ఆమెకు ఇరుగుపొరుగు ముఖంలా గుర్తు. ఆ పూట ఒకటీ రెండూ అంటూ తిప్పుతూ తొమ్మిదో ఆకు దగ్గరికి వచ్చేసరికి అక్కడ పదోది కనిపించింది. గబగబా చివరిదాకా తిప్పింది. అక్కడొకటి, ఇక్కడొకటి, మొత్తం నాలుగు ఆకులు లేవు. పురుగు తినలేదు, చిరిగిపోలేదు. కుట్టుకు ఆనుకుని సన్నని కత్తితో శుభ్రంగా కోసేశారు.

కేక పెట్టబోయి నోరు మూసుకుంది. దొంగను పట్టాలంటే దొంగకు ముందు తెలియకూడదు. పుస్తకాన్ని గుడ్డలో చుట్టేసి, ఏమీ జరగనట్టు చాప అంచు సర్దుతూ ఇంట్లోని మనుషుల్ని లెక్క వేసుకుంది. మొగుడు మావ్‌చెంగ్‌కి డెబ్బై నాలుగేళ్ళు, రెండు కళ్ళలోనూ పొరలు. కొడుకు జెన్‌హుయ్ పట్నంలో కంకర లారీ తోలుతూ శనివారానికి గానీ ఇంటికి రాడు. మనవరాలికి ఏడేళ్ళు. ఇక మిగిలింది కోడలు యీరోంగ్. గ్వీజౌ కొండల్లోంచి వచ్చిన పిల్ల. ఎనిమిదేళ్ళుగా ఈ ఇంటి ఉప్పు తింటోంది కానీ, పరాయి ఊరి పిల్ల పరాయి ఊరి పిల్లే కదా. అనుమానం అనేది ఒకసారి గడప దాటి లోపలికొస్తే, పీట వెయ్యకపోయినా కూర్చుంటుంది.

"అత్తయ్యా, ఆ పాత పుస్తకం అప్పుడే చుట్టేశారేంటి? దానికింకా ఎండే తగల్లేదుగా," అంది యీరోంగ్, జావ గిన్నెలు పట్టుకొచ్చి బల్ల మీద పెడుతూ.

"దానికెంత ఎండ కావాలో నాకు తెలుసులే. దాని మీద నీకెందుకంత బెంగ?"

"బెంగేం లేదు. ఊరికే అడిగాను."

ఊరికే అడగడానికి ఇన్ని పుస్తకాలుండగా అదే దొరికిందా అనుకుంది తియెన్‌మెయ్. ఊరగాయ ఆకుకూర వడ్డిస్తున్న కోడలి చేతిని చూసింది. మూడు వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి.

"వేళ్ళకేమైంది?"

"వెదురు పేడు గీసుకుందండీ."

"మూడు వేళ్ళకీనా? చాలా ఓపికున్న పేడే."

యీరోంగ్ నవ్వి ఊరగాయ గిన్నె మామగారి వైపు జరిపింది. మావ్‌చెంగ్ గిన్నెలోంచి తలెత్తకుండా జావ తాగుతున్నాడు. ఎప్పుడూ ఉప్పు తక్కువైందనో ఎక్కువైందనో అనే మనిషి ఆ పూట ఒక్క మాట మాట్లాడలేదు. అదీ గమనించింది తియెన్‌మెయ్. ముసలాయనకు కూడా ఏదో తెలిసే ఉంటుంది, కోడలి మీద ప్రేమకొద్దీ దాస్తున్నాడు అని ఇంకో ముడి వేసుకుంది.

ఆ ఇంటి ముందుగది ఇప్పుడు దుకాణం. పిల్లలకు సంచులు అమ్ముతారు. సంచిలో ఎర్ర అక్షరాల మీద దిద్దుకునే కాగితాలు, ఒక కుంచె, సిరాకడ్డీ, పెద్దల ముందు ఎలా కూర్చోవాలో కప్పు ఎలా అందించాలో నేర్పే చిన్న బొమ్మల పుస్తకం ఉంటాయి. బడుల వాళ్ళు బస్సుల్లో పిల్లల్ని తీసుకొస్తే, పాత పలక మీద సిరా పూసి వాళ్ళ కళ్ళ ముందే ఒక ఆకు అచ్చు తీసి చూపిస్తుంది యీరోంగ్. ఆ మధ్య నుంచి మాత్రం మధ్యాహ్నం కాగానే దుకాణం మూసేసి వెనక సామాన్ల గదిలోకి పోతోంది. లోపల గడియ. బయటికొచ్చాక కొత్త తాళం. కాగితాలు సర్దుకుంటున్నానంటుంది. రోజూ సర్దడానికి ఆ గదిలో ఏమైనా రాజుగారి ఖజానా ఉందా మరి.

గోడ అవతల ఉండే నాలుగో వదిన చెవిలో వేస్తే ఊరంతా పాకుతుందని తెలిసీ, తియెన్‌మెయ్ ఆగలేకపోయింది. ఆరబెట్టిన చిలగడదుంప ముక్కలు నాలుగు చేతిలో పెట్టి మాట కదిపింది.

"మా కోడలు ఈమధ్య ఎవరితోనైనా మాట్లాడుతుంటే చూశావా వదినా?"

"నేను చెప్పానని అనకు. మొన్న వంతెన దగ్గర ఎవడో మూడుచక్రాల బండివాడు ఆగాడు. వాడికీ మీ కోడలికీ మధ్యన ఒక గోనెసంచి చేతులు మారింది."

"ఇచ్చిందా, పుచ్చుకుందా?"

"నా కళ్ళేమైనా దుర్భిణీలా? సంచి మాత్రం బరువుగానే ఉంది. పాత సామాన్లు కొనేవాళ్ళు ఊళ్ళో తెగ తిరుగుతున్నారు. పోయినేడు మా ఆడపడుచు వాళ్ళింట్లో పలకలన్నీ టీ పళ్ళేలు చేసుకుంటామని ఎత్తుకుపోయారు."

తియెన్‌మెయ్ ఇంటికొచ్చి తలుపేసుకుని పుస్తకం మళ్ళీ తెరిచింది. పోయిన నాలుగు ఆకులేవో ఈసారి నిదానంగా గుర్తు చేసుకుంది. ఒకదాంట్లో పైన చిన్న ఇంటి బొమ్మ ఉంటుంది. ఇంకోదాంట్లో మూల విరిగిన అక్షరం. అలా అనుకుంటూ ఉండగానే మంచం మీద కూలబడింది. ఆ నాలుగూ, ఆ పదకొండులోవే.

ఆ పదకొండు సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. నలభై నాలుగేళ్ళ కిందటి చలికాలం అది. పాత పుస్తకాలన్నా పాత పలకలన్నా తగలబెట్టే రోజుల్లో, మామగారు ప్రాణాలకు తెగించి నలభై ఎనిమిది పలకల్నీ, ఈ పుస్తకాన్నీ అటక మీద గడ్డి కింద దాచారు. ఆ ఏడు తియెన్‌మెయ్‌కి మొదటి కాన్పు, ఆడపిల్ల. మొగుడు ఆనకట్ట పనికి పోయాడు, మామగారు ఏడాది కిందటే పోయారు. ఇరవై రోజులు ఎడతెరిపి లేని వాన. ఇంట్లో ఎండు పుల్ల ఒక్కటి లేదు. కాన్పయిన తొమ్మిదో రోజు బాలింత చేతుల్లో పసిపిల్ల నీలంగా మారి, ఏడుపు కూడా మానేసింది. తియెన్‌మెయ్ అటకెక్కింది. ఏళ్ళ తరబడి సిరా తాగిన ఆ చెక్క ఎంత బాగా మండిందో ఆమె ఈనాటికీ మర్చిపోలేదు. తెల్లారేలోపు పదకొండు పలకలు పొయ్యిలోకి పోయాయి. పిల్ల కేరుమంది. మొగుడు వచ్చాక చెదలు తిన్నాయనీ, ఏట్లో పారేశాననీ చెప్పింది. అతను సరేనన్నాడు. పలకలు నిండుగా లేని ఇల్లు కొత్త సంవత్సరం నాడు తన పుస్తకం పేరు గుమ్మానికి అంటించుకోకూడదని ఆ ఊరి కట్టుబాటు. ఆ ఏటి నుంచి లై వారి గుమ్మం బోసిగానే ఉంది. ఆ గుమ్మం దాటిన ప్రతిసారీ తియెన్‌మెయ్ తల కాస్త వంగుతుంది.

అంటే కోడలికి తెలిసిపోయింది. ఎలా తెలిసిందో గానీ తెలిసిపోయింది. సరిగ్గా ఆ ఆకులే కోసి సాక్ష్యంగా దాచుకుంటోంది. వంశం పెద్దల ముందు పరిచి, ఇదిగో మీరు దొడ్డ ఇల్లాలనుకునే మనిషి చేసిన పని అని చూపిస్తుంది. పెట్టె తాళంచెవి, ఇంటి పెత్తనం, దుకాణం అన్నీ అప్పుడు దాని చేతికే పోతాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తియెన్‌మెయ్ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కోడలు అత్తయ్యా అంటే ఆ పిలుపులో వెటకారం వినిపించింది. మనవరాలు కిలకిలా నవ్వితే తన మీదే నవ్వుతున్నారనిపించింది. పొయ్యిలో కట్టె పెడుతున్నప్పుడు కోడలు ఎదురుగా ఉంటే, ఆ కట్టె పెట్టడానికి కూడా చెయ్యి రాలేదు.

శనివారం జెన్‌హుయ్ వచ్చాడు. లారీ దుమ్ము కడుక్కుని భోజనానికి కూర్చున్నాడో లేదో, తియెన్‌మెయ్ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. ముందు తానే దెబ్బ కొట్టాలని నిశ్చయించుకుంది. దొంగ ముద్ర పడిన మనిషి మాట తర్వాత ఎవరూ నమ్మరు.

"చూడు నాయనా. మీ తాత ప్రాణం పెట్టి కాపాడిన పుస్తకం. నాలుగు ఆకులు కోసేశారు."

జెన్‌హుయ్ గిన్నె కింద పెట్టేశాడు. "ఎవరమ్మా?"

"మధ్యాహ్నం పూట గడియేసుకునేవాళ్ళను అడుగు. వంతెన దగ్గర గోనెసంచులు మార్చుకునేవాళ్ళను అడుగు. వేళ్ళు కోసుకుని వెదురు మీద నెట్టేవాళ్ళను అడుగు."

యీరోంగ్ ముఖం పాలిపోయింది. ఒక్కసారి మామగారి వైపు చూసి తల దించుకుంది.

"నువ్వే కోశావా?" అన్నాడు జెన్‌హుయ్.

"నేనే కోశాను."

"ఎందుకు?"

"చెప్పలేను. ఇంకో రెండు నెలలు ఆగండి, మీకే తెలుస్తుంది."

"రెండు నెలల్లో మిగతా ఏడూ కోసుకుంటావా?" అంది తియెన్‌మెయ్. ఆ ఏడు అన్న లెక్క నోరు జారి వచ్చింది. అది ఎవరూ పట్టించుకోకూడదని గొంతు ఇంకా పెంచింది. "ఇది దొంగతనం కాకపోతే ఆ గది తాళం తియ్యమను. లోపలేముందో నలుగురం చూద్దాం."

"తియ్యను అత్తయ్యా."

"చూశావా, చూశావా?"

"తాళంచెవి ఇటివ్వు యీరోంగ్," అన్నాడు జెన్‌హుయ్. అతని గొంతులో కోపం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది. "అబద్ధం చెప్పాల్సిన పని అమ్మకేముంది?"

యీరోంగ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎనిమిదేళ్ళయింది నేనీ ఇంటికొచ్చి. ఒక్క చెంచా అడక్కుండా తీసుకున్నానా? నన్ను దొంగంటే పడతాను. పుట్టింటికి పొమ్మంటే పిల్లను తీసుకుని ఇప్పుడే పోతాను. ఆ తలుపు మాత్రం నా చేత్తో తియ్యను. అత్తయ్య కోసమే తియ్యను."

"నా కోసమా? నా కోసం నువ్వు నా పుస్తకం కోస్తావా?" అంది తియెన్‌మెయ్. కానీ ఆ మాట గుండెల్లో ఎక్కడో ముల్లులా గుచ్చుకుంది.

యీరోంగ్ లోపలికెళ్ళి నిజంగానే బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది. మనవరాలు గుమ్మం పట్టుకుని, అమ్మా ఎక్కడికి, అమ్మా ఎక్కడికి అని ఏడుస్తోంది. అంతసేపూ కుర్చీలో బొమ్మలా కూర్చున్న మావ్‌చెంగ్ కర్ర పట్టుకుని లేచాడు.

"మూట విప్పు తల్లీ. ఇక దాచి లాభం లేదు. తలుపు నేను తీస్తాను."

"మామయ్యా, వద్దు," అంది యీరోంగ్ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి.

ముసలాయన వినలేదు. చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి, తడుముకుంటూ తాళం తెరిచాడు. గదిలో కిటికీ కింద ఒక బల్ల. దాని మీద చిన్నవీ పెద్దవీ ఉలులు, బియ్యప్పిండి జిగురు గిన్నె, గోనెసంచి మీద కొత్త బేరిచెక్క పలకలు. మూడు పలకలు చెక్కడం పూర్తయి గోడకు ఆనించి ఉన్నాయి. నాలుగోది బల్ల మీద ఉంది. పోయిన ఆకు దాని మీద బోర్లా అంటించి ఉంది. వేలితో రుద్ది రుద్ది కాగితం వెనక పొరలు తీసేస్తే, పలచని పొరలోంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి. సగం చెక్క తెల్లగా చెక్కి ఉంది, సగం ఇంకా కాగితం కిందే ఉంది.

తియెన్‌మెయ్‌కి వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అచ్చులో ఉన్న ఆకు ఉన్నట్టు మళ్ళీ పలకకెక్కాలంటే ఆ ఆకును చెక్కకు అంటించి ఉలి కింద పెట్టాల్సిందే. పలక తయారయ్యేసరికి ఆకు పొట్టుతో పాటు రాలిపోతుంది. తెలిసి తెలిసీ తాను ఎన్నడూ ఆ వైపు ఆలోచించలేదు. లై వారింట్లో ఆ విద్య కొడుకులకే గానీ కోడళ్ళకు నేర్పరు. కొడుకు నేర్చుకోలేదు.

"నేను చూపించగలను గానీ చెక్కలేను," అన్నాడు మావ్‌చెంగ్. "నా కళ్ళు పోయాయి. వీడిని పదేళ్ళ కిందట కూర్చోబెడితే రెండో రోజే పారిపోయాడు. ఈ పిల్ల వేళ్ళు తెగినా లేవలేదు. పెట్టె తాళంచెవి నేనే తీసిచ్చాను. మధ్యాహ్నం నువ్వు గురకపెట్టేటప్పుడు పక్కనుంచి గేదెను తోలుకుపోయినా నీకు తెలియదు. కొత్త పలకల మీద అచ్చు తీసి, ఆ ఆకులు మళ్ళీ కుట్టేద్దామనుకున్నాం. ఆరో నెల లోపల కాలేదు, అదే మా తప్పు."

జెన్‌హుయ్ పూర్తయిన పలక ఒకటి రెండు చేతులతో ఎత్తి చూశాడు. "ఇవి అప్పుడు చెదలు తిన్న పలకలేనా నాన్నా?"

"ఆ, అవే," అన్నాడు మావ్‌చెంగ్ వెంటనే. "చెదలే."

"చెదలేనండీ, మామయ్య చెప్పారు," అంది యీరోంగ్. అంటూ నేల వైపు చూసింది. తియెన్‌మెయ్ వైపు మాత్రం చూడలేదు.

అప్పుడు అర్థమైంది తియెన్‌మెయ్‌కి. ఇద్దరికీ తెలుసు. దొంగ అనిపించుకుని, మూట కట్టుకుని, మొగుడి ముందు తల దించుకుని కూడా ఆ పిల్ల తన అబద్ధాన్నే కాపాడుతోంది. ఇప్పుడు తాను ఊరుకుంటే ఆ చెదలు అలాగే ఉండిపోతాయి. ఎవరూ ఏమీ అనరు. కానీ ఆ గదిలో నిలబడి ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

"చెదలు కాదురా," అంది కొడుకుతో. "నేనే కాల్చాను. మీ అక్క పుట్టిన తొమ్మిదో రోజున. పిల్ల చల్లబడిపోతే పొయ్యిలో పెట్టాను. పదకొండు." గుమ్మం పక్కనే చతికిలబడి, చొక్కా చేతితో ముఖం కప్పుకుని ఏడ్చింది. నలభై నాలుగేళ్ళ ఏడుపు, ఒక పట్టాన ఆగలేదు.

మావ్‌చెంగ్ కర్ర ఊతంగా పక్కన కూర్చున్నాడు. "నాకు అప్పుడే తెలుసే. ఆ బూడిద కూరపాదులకు చల్లింది నేనేగా. అందులో ఒక పలక మూల కాలకుండా మిగిలింది, అక్షరంతో సహా. దాన్ని అక్కడే పాతిపెట్టాను."

"తెలిసి ఒక్కసారి కూడా అడగలేదేంటయ్యా?"

"ఏం అడగను? ఇంట్లోకొచ్చేసరికి పిల్ల ఉయ్యాల్లో కేర్ కేర్‌మంటోంది. పలక పోతే మళ్ళీ చెయ్యొచ్చు. అది పోయుంటే ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్ళం? నువ్వు గుమ్మం దాటినప్పుడల్లా తల దించుకోవడం చూస్తూనే ఉన్నాను. నా కళ్ళు పూర్తిగా పోయేలోపు నువ్వు తలెత్తుకుని ఒక్కసారి దాటడం చూడాలనిపించింది. అంతే."

తియెన్‌మెయ్ యీరోంగ్ చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. గుడ్డపీలికల మీద తన ఎండిపోయిన వేళ్ళు ఆనించింది. "దొంగ అన్నాను నిన్ను."

"కోపంలో అన్నార్లే అత్తయ్యా."

"కోపంలో కాదు. భయంతో అన్నాను. అది ఇంకా పాపం. ఈ తప్పు నీ ముందు ఒప్పుకోకపోతే నాకు ముద్ద దిగదు."

యీరోంగ్ అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారిగా ఏడ్చేసింది. మనవరాలు వచ్చి ఇద్దరి మధ్యన దూరింది. జెన్‌హుయ్ గోడ వైపు తిరిగి, పలకను జాగ్రత్తగా దాని చోట పెట్టి, ఎందుకో అక్కడే నిలబడి దాన్ని చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయాడు.

కాసేపటికి తియెన్‌మెయ్ లేచి, ముందుగదిలోకి వెళ్ళి పుస్తకం తెచ్చింది. కిటికీ వెలుగులో తిప్పి, ముప్పై మూడో ఆకు దగ్గర ఆపింది. బల్ల మీది సన్నకత్తి తీసుకుంది. కుట్టు పక్కన కోత తిన్నగా వచ్చింది. ఆ ఆకును రెండు చేతులతో పట్టుకుని కోడలికి అందించింది.

"తర్వాతది ఇది చెయ్యి. ఎన్నేళ్ళు ఎండకు పెట్టానో, ఎన్నేళ్ళు తప్పు చేసినదానిలా చూశానో. ఇందులో ఏం రాసుందో మాత్రం ఎవర్నీ అడగలేదు. చదువు."

యీరోంగ్ ముక్కు తుడుచుకుని ఆకును వెలుగుకు పట్టుకుంది. "వంటింటి మాటలు అత్తయ్యా. చిన్నపిల్లలు మొదట నేర్చుకునేవి. కట్టెలు, బియ్యం, నూనె, ఉప్పు..."

"మొదటిది కట్టెలా?"

"అవునండీ."

తియెన్‌మెయ్ మొగుడి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. ముందు ఆమెకే నవ్వొచ్చింది, ఆ వెనక అందరికీ. నవ్వుతూనే మళ్ళీ కళ్ళు తుడుచుకుంటూ, పీట లాక్కుని మనవరాలి పక్కన బల్ల ముందు కూర్చుంది.

"ఆ కట్టెలు ఎలా రాస్తారో చూపించు నాకు," అంది.